టవర్ లేకపోతే సెల్లు లేదు

"చరవాణి" అనే మాట పత్రికల్లో చదువుతాం, ప్రభుత్వ ప్రకటనల్లో చూస్తాం. నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఏ సెల్లు కొట్టు ముందైనా కాసేపు నిలబడి వినండి, ఆ మాట ఒక్క నోటి వెంట రాదు. సెల్లు, ఫోను, చిన్న ఫోను, బటన్ల ఫోను అంటారు. సిగ్నల్ అందకపోతే "ఈడ టవర్ లేదు" అంటారు. ఇది భాషకు పట్టిన తెగులని బాధపడేవాళ్లున్నారు. వాళ్ల అభిమానం మీద నాకు గౌరవముంది, వాళ్ల తీర్పుతో మాత్రం ఏకీభవించను. ప్రపంచంలో చాలా దేశాలు చేతిలో ఉన్న డబ్బాను చూసి పేరు పెట్టాయి. మనవాళ్ల నోట నిలిచిన పేరు ఆ డబ్బా వెనకున్న ఏర్పాటును పట్టుకుంది. ఆ ఏర్పాటులో పాతదైన 2జీ, అంటే రెండో తరం నెట్‌వర్కు మీద, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బోరు మోటార్లు, రొయ్యల గుంటలు ఇప్పటికీ ఆధారపడి ఉన్నాయి. దాన్ని తొందరపడి మూయకూడదని నా వాదన.

సెల్ అంటే ఇక్కడ అర, తేనెపట్టులో ఉండేలాంటి అర. ఆ అరలు లేని కాలంలోనూ ఫోన్లు కదిలాయి. 1946 జూన్ 17న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కారు ఫోన్ సర్వీసు మొదలైంది. కారు డిక్కీలో పెట్టే పరికరాల బరువే సుమారు 36 కిలోలు. ఊరికి ఒకే పెద్ద టవరు. మొదట్లో ఊరంతటికీ కలిపి ఒకేసారి సాగే సంభాషణలు మూడే. నాలుగోవాడు ఖాళీ కోసం కాచుకోవాలి. నరసింహకొండ మీద ఒక్క భారీ టవరు నిలబెట్టి, నెల్లూరు ఊరంతా దాంతోనే మాట్లాడుకోవాలంటే ఎట్టా ఉంటుందో ఊహించండి. టవరు శక్తి పెంచినకొద్దీ ఇబ్బంది పెరుగుతుంది. ఒక ఫ్రీక్వెన్సీ మీద ఒకరు మాట్లాడుతుంటే ఆ చుట్టుపక్కల మైళ్ల దూరం ఇంకొకరికి అది పనికిరాదు.

1947 డిసెంబరులో అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ ఇంజనీరు డగ్లస్ రింగ్ ఒక అంతర్గత నివేదికలో దీనికి విరుగుడు రాశాడు. టవర్ల శక్తి తగ్గించండి, సంఖ్య పెంచండి, ప్రాంతాన్ని ఆరు పలకల అరలుగా విడగొట్టండి అన్నాడు. వేదాయపాళెం అరలో వాడిన ఫ్రీక్వెన్సీని పక్కనున్న మాగుంట లేఅవుట్ అరలో వాడకూడదు. పెన్న దాటి కోవూరులో మళ్లీ వాడుకోవచ్చు, దూరం వల్ల ఒకదానికొకటి అడ్డం రావు. మొదటితరం వ్యవస్థల్లో ఇట్లా 7 అరలను ఒక గుంపుగా కట్టి, ఆ గుంపునే ఊరంతా పరుస్తూ పోయేవాళ్లు. ఉన్న కాసిని ఫ్రీక్వెన్సీలు వందల చోట్ల తిరిగి పనికొచ్చాయి. ఇప్పుడు కోట్ల మంది ఒకేసారి మాట్లాడగలుగుతున్నారంటే ఈ ఒక్క ఆలోచన వల్లే.

ఆలోచన పుట్టినా అమలు కావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. మనిషి ఒక అరలోంచి ఇంకో అరలోకి పోతుంటే మాట తెగకుండా కొత్త టవరుకు అప్పగించాలి. ఏ టవరుకు సిగ్నల్ బలంగా వస్తోందో క్షణక్షణం కొలవాలి. అంత చురుకైన కంప్యూటర్ ఎక్స్ఛేంజీలు, చిన్న చిప్పులు 1970ల దాకా చేతికి రాలేదు. 1973 ఏప్రిల్ 3న మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ న్యూయార్కు వీధిలో నిలబడి చేతి ఫోన్‌తో మాట్లాడాడు. దాని బరువు సుమారు 1.1 కిలోలు. పది గంటలు ఛార్జింగ్ పెడితే అరగంట మాట్లాడొచ్చు. అమ్మకానికి వచ్చిన డైనాటాక్ 8000ఎక్స్ ధర 3,995 డాలర్లు. చికాగోలో సెల్యులార్ సర్వీసు మొదలైంది 1983 అక్టోబరు 13న. అంతకు నాలుగేళ్ల ముందే, 1979 డిసెంబరులో, టోక్యోలో ఎన్‌టీటీ కంపెనీ అరల పద్ధతిలో కారు ఫోన్లు నడిపింది.

ఇక పేర్ల సంగతి. ఆ వస్తువు ఒక దేశంలోకి ఏ రూపంలో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో దాని పేరు చెప్పేస్తుంది. స్విట్జర్లాండ్‌లో 1978లో వచ్చిన వ్యవస్థ పేరు నాటెల్. "జాతీయ కారు ఫోన్" అన్న జర్మన్ మాటలకు అది పొట్టి రూపం. ఫోన్ కారు దిగి జేబులోకి చేరాక కూడా జనం దశాబ్దాల పాటు నాటెల్ అనే పిలిచారు. అక్కడి ఫోన్ కంపెనీ స్విస్‌కామ్ తన ప్లాన్ల పేర్లలోంచి ఆ మాటను తీసేసింది 2017లో. ఇజ్రాయెల్‌లో 1986లో మొదలైన కంపెనీ పేరు పెలెఫోన్. హీబ్రూలో "పెలె" అంటే అద్భుతం. ఏ కంపెనీ ఫోన్ కొన్నా అక్కడ పెలెఫోనే అయింది. ఫిన్లాండ్ వాళ్లు వాడే "క్యాన్నుక్కా" మొదట నోకియా వాళ్ల మొబీరా ఫోన్లకు పెట్టిన ట్రేడ్‌మార్కు, చెయ్యి అనే అర్థం నుంచి పుట్టింది. అదే ఇంటింటి మాట అయిపోయింది. 1987లో వచ్చిన మొబీరా సిటీమన్ దాదాపు ముప్పావు కిలో బరువుండేది. 1989లో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ హెల్సింకీలో దాంతో మాట్లాడుతుండగా ఫొటోలు తీశారు. అప్పట్నుంచి ఆ మోడల్‌కు ఫిన్లాండ్‌లో "గోర్బా" అని పేరు.

ధనవంతుల వస్తువుగా వచ్చినచోట ముద్దుపేర్లో ఎగతాళి పేర్లో పుట్టాయి. బ్రిటన్‌లో ఇటుక అన్నారు. స్వీడన్‌లో "యుప్పీనల్లె" అన్నారు, కొత్తగా డబ్బు చేసిన కుర్రకారు చంకన పెట్టుకుని తిరిగే ఎలుగుబంటి బొమ్మ అని. హాంకాంగ్‌లో, అక్కడినుంచి చైనాలో "దాగేదా" అన్నారు, అంటే పెద్దన్న. ఫోన్ చిన్నదై సామాన్యుడికి అందాక ఆ పేరు పోయి "షౌజీ", చేతి యంత్రం, నిలబడింది.

చేతినీ జేబునూ చూసి పెట్టిన పేర్లే లోకంలో ఎక్కువ. జర్మన్లు "హ్యాండీ" అంటారు. అది ఇంగ్లీషు మాటలాగే ఉంటుంది, ఇంగ్లీషువాళ్లెవరూ ఫోన్‌ను అట్లా పిలవరు. కొరియా, మలేషియా, సింగపూర్‌లలో హ్యాండ్‌ఫోన్. ఇండోనేషియాలో దాన్నే పొట్టిచేసి "హా పే" అంటారు. థాయిలాండ్‌లో "మూ థూ", చేత పట్టుకునేది. తుర్కియేలో "జెప్ తెలెఫోను", జేబు ఫోన్. జపాన్‌లో "కేతాయ్", వెంట తీసుకుపోయేది. బంగ్లాదేశ్‌లో "ముఠోఫోన్", పిడికిట్లో ఇమిడేది. సూళ్లూరుపేట దాటి తమిళనాట అడుగుపెడితే "కైపేసి". ఇరాన్‌లో "హమ్రాహ్", తోడు నడిచేది. శ్రీలంకలో సింహళం మాట్లాడేవాళ్లు "జంగమ దురకథనయ" అంటారు. జంగమదేవరలను ఎరిగిన మనకు ఆ మాట ఎంత నిండుగా వినిపిస్తుందో చెప్పక్కర్లేదు.

బెల్జియంలో, బల్గేరియాలో జీఎస్ఎం అనే 2జీ సాంకేతిక ప్రమాణం పేరే వస్తువు పేరైంది. 2001లో ఆ సర్వీసు మొదలైన నైజీరియాలోనూ అంతే. మిగిలినవాళ్లు అరను పట్టుకున్నవాళ్లు. అమెరికాలో సెల్‌ఫోన్, లాటిన్ అమెరికా అంతటా "సెలులార్", ఫిలిప్పీన్స్‌లో "సెల్పోన్", పోలండ్‌లో "కొముర్కా", అంటే చిన్న గది. రష్యాలో "సోతొవీ" అనే మాటకు మూలం నేరుగా తేనెపట్టే. మన సెల్లు ఈ కోవలోది.

మనకు ఈ పేరు ఎందుకు అంటుకుంది? లైసెన్సులు ఇచ్చినప్పుడు కాగితాల మీద ఉన్న మాట సెల్యులార్. 1995 జూలై 31న కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో దేశంలో ఈ సర్వీసు మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కంపెనీల్లో ఒకదాని పేరే టాటా సెల్యులార్. ఆ రోజుల్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది, వచ్చిన కాల్ ఎత్తినా డబ్బు కట్టాలి. 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ రంగంలోకి దిగింది. దాని సర్వీసు పేరు సెల్‌వన్. ల్యాండ్‌లైన్ బిల్లు కట్టే ఆఫీసులోనే సెల్‌వన్ బోర్డు వెలిసింది. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. పల్లెకు ఫోను, ఆ మాట, రెండూ ఒకేసారి చేరాయి. కరెంటు, మోటారు, బస్సు ఎట్లా మన మాటలయ్యాయో సెల్లు కూడా అట్లాగే అయింది. దానికి చివర ఉకారం తగిలించి, "సెల్లెత్తు", "సెల్లాపు" అని సంధి కలిపి మాట్లాడుతున్నాం. ఇంతకంటే తెలుగు కావడం ఏముంటుంది?

ఆ తొలి ఫోన్లలో అర ఎక్కడుందో కంటికి కూడా కనిపించేది. నోకియా ఫోన్ సెట్టింగుల్లో సెల్ ఇన్ఫో డిస్‌ప్లే అనేది ఆన్ చేస్తే, ఏ టవరు కింద ఉన్నామో ఆ పేట పేరో ఊరు పేరో తెర మీద పడేది. బస్సులో పోతుంటే పేర్లు మారుతూ ఉండేవి. సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే సదుపాయం అది. ఒక్కొక్క నంబరుకు విడివిడిగా మెసేజ్ పంపకుండా, ఆ అరలో ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి పంపడం. వరదలప్పుడు, తుఫానులప్పుడు హెచ్చరిక పంపడానికి ఈ పద్ధతే సరైనది. లక్ష ఫోన్లకు పంపినా లైను నిండదు, నంబరు తెలియాల్సిన పని లేదు.

తెలుగు మీద బెంగ ఉన్నవాళ్లకు ఒక మాట. ఆ ఫోన్లలో తెలుగుకు అన్యాయం జరిగింది పేరు దగ్గర కాదు, మెసేజ్ దగ్గర. ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు, కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు 16 బిట్లు, కాబట్టి 70 గుర్తులే. పైగా గుర్తు అంటే మనం అనుకునే అక్షరం కాదు. "నెల్లూరు" చూడ్డానికి మూడక్షరాలు. ఫోన్ లెక్కలో న, ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, ఊత్వం, ర, ఉత్వం, మొత్తం 8. మెసేజ్ 70 దాటితే ముక్కలవుతుంది, అప్పుడు ముక్కకు 67 మాత్రమే, ప్రతి ముక్కకూ విడిగా ఛార్జి. ఎక్కువ ఫోన్లలో తెలుగు అక్షరాల ఫాంటే ఉండేది కాదు, వచ్చిన మెసేజ్ గళ్లుగళ్లుగా కనిపించేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే అలవాటు ఒక తరానికి ఇక్కడే పట్టుబడింది. చరవాణి కోసం పెట్టిన పట్టుదల ఆ ఫాంటు కోసం పెట్టి ఉంటే ఎంతో మేలు జరిగేది.

చేతిలోని వస్తువు గొప్పతనం కూడా కాదనలేం. 2003లో వచ్చిన నోకియా 1100 లోకమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడైంది. మన పల్లెల్లో దాని టార్చి లైటు కోసమే కొన్నవాళ్లున్నారు. ఇప్పటికీ బటన్ల ఫోన్లలో దాని బీఎల్-5సీ కొలతల బ్యాటరీయే ఎక్కువ. ఈ బ్యాటరీ బాగుందో లేదో తెలుసుకోవడం తేలిక. నున్నటి బల్ల మీద పడుకోబెట్టి వేలితో తిప్పండి. గిర్రున తిరిగిందంటే నడిమధ్య ఉబ్బిందని అర్థం, దాన్ని పక్కన పెట్టెయ్యాలి. బాగున్నది బల్లకు అతుక్కుని కదలదు. నిండా ఛార్జి చేశాక మల్టీమీటరుతో చూస్తే 4.1 వోల్టులకు పైనే ఉండాలి. కాల్ మాట్లాడుతుండగానే 3.5కు జారిపోతుంటే లోపల అరిగిపోయినట్టే. ఈ బ్యాటరీలను తేలిగ్గా తీసుకోవద్దు. 2005 డిసెంబరుకూ 2006 నవంబరుకూ మధ్య ఒక జపాన్ సంస్థ తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీలు వేడెక్కే ప్రమాదముందని 2007లో నోకియాయే ప్రకటించి మార్చి ఇచ్చింది.

సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో బటన్ల ఫోన్లకు వచ్చే మొదటి జబ్బు చిలుము. బటన్ కింద బొడిపెలాంటి సన్నటి రేకు ఉంటుంది. నొక్కినప్పుడు అది బోర్డు మీది పూతను తాకాలి. ఉప్పు చెమ్మ చేరి అక్కడ పచ్చగా పడితే 5 నొక్కినా పడదు, లేదా ఒకసారి నొక్కితే రెండు పడతాయి. సిమ్ పిన్నుల మీద పడితే "సిమ్ పెట్టండి" అని తెర మీద వస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి బ్రష్షుతో తుడిస్తే చాలావరకు నయమవుతుంది. కిరోసిన్ పెట్టకండి, జిడ్డు మిగులుతుంది. ఫోన్ ఉప్పునీళ్లలో పడితే వెంటనే బ్యాటరీ ఊడదీయాలి. బియ్యంలో పూడ్చిపెడితే ఉప్పు పోదు. మంచినీళ్లతో కడిగి, ఆల్కహాల్‌తో తడిని తీసి, గాలికి ఆరబెట్టాకే బ్యాటరీ వెయ్యాలి. ఇవన్నీ వంద, నూటయాభై రూపాయల్లో తేలే పనులు. అరే లేకుండా పోతే ఏ రిపేరు కొట్టూ ఏమీ చెయ్యలేదు.

2జీ అర లోపల ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. ఒక్క ఫ్రీక్వెన్సీని కాలంలో 8 ముక్కలుగా పంచి 8 మందికి ఇస్తారు. ఒక్కో ముక్క 577 మైక్రోసెకన్లు. 4.6 మిల్లీసెకన్లకోసారి మీ వంతు వస్తుంది, అప్పుడు ఫోన్ ఒక్కసారిగా శక్తినంతా వదులుతుంది. సెకనుకు 217 సార్లు ఇట్లా జరుగుతుంది. రేడియో పక్కన ఫోన్ పెడితే రింగు రావడానికి ఒక క్షణం ముందే "టిడిక్ టిడిక్ జిర్ర్" అని వినిపించేది అదే. మీ వంతు సరిగ్గా సమయానికి టవరును చేరాలంటే, దూరాన ఉన్న ఫోన్ కాస్త ముందుగా పంపాలి. ఎంత ముందుగా పంపాలో టవరు 0 నుంచి 63 దాకా ఒక అంకెతో చెబుతుంది. ఒక్కో మెట్టు సుమారు 550 మీటర్లు. 63 మెట్లంటే 35 కిలోమీటర్లు. అక్కడితో మామూలు 2జీ అర హద్దు ముగిసింది.

జువ్వలదిన్నె నుంచో కొత్తపట్నం నుంచో వేటకు పోయే బోట్లకు ఇది రోజూ తగిలే లెక్క. 40 మీటర్ల టవరు నుంచి నీటికి 2 మీటర్ల ఎత్తున పట్టుకున్న ఫోనుకు భూమి వంపు అడ్డం రాకుండా సిగ్నల్ సాగేది సుమారు 32 కిలోమీటర్లు. ఫోనును ఇంకా పైకి ఎత్తితే సిగ్నల్ గీతలు కనిపిస్తాయి గానీ 35 దాటాక కాల్ కలవదు. ఫోన్ చెడిపోలేదు, వంతు తప్పింది. పడమటి వైపు కథ వేరు. పెంచలకోన లాంటి చోట్ల కొండే అడ్డం. అక్కడ రెండు కిలోమీటర్ల అవతల టవరున్నా అందదు. అట్లాంటిచోట ఫోన్ టవరును వెతుక్కుంటూ, దొరికిన కాస్త సిగ్నల్‌కు గరిష్ఠ శక్తితో అరుస్తూ బ్యాటరీని తాగేస్తుంది. రోజంతా ఉండాల్సినవాళ్లు ఆపేసి, అవసరమప్పుడు కొండ మలుపు దాటి ఆన్ చేసుకోవడమే మేలు.

900 మెగాహెర్ట్జ్ 2జీ ఫోన్ తన వంతులో 2 వాట్ల దాకా వదలగలదు. మామూలు 4జీ ఫోన్ గరిష్ఠం 0.2 వాట్లు. 2జీది 8లో ఒక వంతు సమయమే కాబట్టి సగటున పెద్ద తేడా లేదు. 4జీకి 35 కిలోమీటర్ల హద్దు కూడా లేదు, 100 దాకా లెక్క కట్టారు. అంటే 2జీ కంటే 4జీ చేతకానిదని నేననడం లేదు. ఇప్పుడు 2జీ మీద ఏమేం వేలాడుతున్నాయో ముందు చూడాలని అంటున్నాను.

మన జిల్లాల్లో 2జీ అర మీద ఎక్కువగా ఆధారపడింది మనుషుల కంటే మోటార్లు. బోరు దగ్గర స్టార్టర్ డబ్బా పక్కనే ఒక చిన్న పెట్టె, దానికో సిమ్, పొడుగాటి వైరుతో అయస్కాంతం మీద నిలబడే యాంటెన్నా. రైతు ఇంటి నుంచి ఆ నంబరుకు కాల్ చేసి ఒక అంకె నొక్కుతాడు. 1 నొక్కితే 697, 1209 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిసి పెట్టెకు చేరతాయి. అది గుర్తుపట్టి రిలే వేస్తుంది, కాంటాక్టరు కొట్టుకుంటుంది, మోటారు తిరుగుతుంది. అంతకు ముందే మూడు ఫేజులూ ఉన్నాయా అని చూస్తుంది. ఒక ఫేజు పోయినా మోటారు వెయ్యదు, వేస్తే వైండింగు కాలిపోతుంది. బోరులో నీళ్లు తగ్గితే మోటారు లాగే కరెంటు తగ్గుతుంది, కరెంటును కొలిచే సీటీ కాయిల్ అది పట్టుకుని ఆపేస్తుంది. అర్ధరాత్రి త్రీ ఫేజ్ వస్తే చీకట్లో, పాముల భయంతో కయ్యల గట్ల మీద నడిచిపోవాల్సిన అవసరాన్ని తప్పించింది ఈ పెట్టె. మనుషుల ప్రాణాలు నిలబెట్టిన పరికరమని చెప్పడానికి నేను వెనకాడను.

ఇవి మొరాయించే కారణాలు నాలుగైదే. ఎక్కువసార్లు సిమ్ వాలిడిటీ అయిపోతుంది, ఎవరూ గమనించరు. తర్వాతిది యాంటెన్నాను ఇనుప పెట్టె లోపలే పెట్టడం. రేకు లోపలికి సిగ్నల్ రాదు, యాంటెన్నా బయట, నిటారుగా, వీలైనంత ఎత్తున ఉండాలి. మూడోది లోపలి పవర్ సప్లై. పెట్టెలో టవరుతో మాట్లాడే భాగమైన మోడెమ్ తన వంతులో ఒక్కసారిగా 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సప్లై చిన్నదైతే, పక్కనున్న కెపాసిటర్ ఎండిపోతే, వోల్టేజి 3.4 కిందికి పడి మోడెమ్ రీసెట్ అవుతుంది. అందుకే "సిగ్నల్ ఉంది, కాల్ ఎత్తగానే తెగిపోతోంది" అనే ఫిర్యాదు. 1000 మైక్రోఫారడ్ల మంచి కెపాసిటర్ మోడెమ్ దగ్గరగా వేస్తే సరిపోతుంది. నాలుగోది పిడుగు. ఎర్తింగు సరిగా లేని చోట వానాకాలం మొదట్లోనే పెట్టె పోతుంది. ఇంకొకటి, కరెంటు రాగానే ఊళ్లోని పెట్టెలన్నీ ఒకేసారి "కరెంటు వచ్చింది" అని మెసేజ్ పంపబోతాయి. అర చిన్నది, మెసేజ్‌లు పోయే దారి ఇంకా చిన్నది. అందుకే కొన్ని అలర్టులు ఆలస్యంగా అందుతాయి. పెట్టెలో ఆలస్యం సెట్టింగు ఉంటే పక్కపక్క మోటార్లకు వేర్వేరు నిమిషాలు పెట్టండి, ట్రాన్స్‌ఫార్మర్ మీదా భారం తగ్గుతుంది.

ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర ఇదే పెట్టె పని ఇంకా గట్టిది. వనామీ గుంటలో తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగి, లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి పోయిందంటే రొయ్య పైకి తేలడం మొదలుపెడుతుంది. కరెంటు పోయిన మరుక్షణం యజమానికీ కాపలా మనిషికీ రింగు రావాలి, జనరేటరు వెయ్యాలి. ఆ రింగు ఇచ్చేది పెట్టెలోని చిన్న బ్యాటరీ, 2జీ మోడెమ్. కరెంటు పోతే టవరు కూడా తన 48 వోల్టుల బ్యాటరీల మీదే బతకాలి. ఆ బ్యాటరీలు పాతవైన టవరు కింద ఉన్న గుంటకు అలారం ఉన్నా లేనట్టే. మీ టవరు కరెంటు లేకుండా ఎంతసేపు నిలుస్తుందో ఒకసారి గమనించి పెట్టుకోండి.

ఇప్పుడు మూత సంగతి. జపాన్‌లో డోకోమో 2012లోనే 2జీ ఆపేసింది. అమెరికాలో ఏటీ అండ్ టీ 2017 మొదట్లో, సింగపూర్ అదే ఏడాది ఏప్రిల్లో, తైవాన్ జూన్‌లో ఆపేశాయి. యూరప్‌లో చాలా దేశాలు వేరే దారి పట్టాయి. 3జీని ముందు మూసి 2జీని ఉంచాయి. అక్కడ 2018 మార్చి 31 తర్వాత ఆమోదం పొందిన కొత్త కారు మోడళ్లలో ప్రమాదం జరిగితే తనంతట తానే అత్యవసర కాల్ చేసే పరికరం తప్పనిసరి. అది పాత నెట్‌వర్కుల మీద నడిచేలా చేశారు. మీటర్లు, లిఫ్టులు కూడా 2జీ మోడెముల మీదే ఉన్నాయి. మన దగ్గర జియోకు 2జీ అరే లేదు. ఎయిర్‌టెల్ 3జీ మూసి 2జీ ఉంచింది. ఖర్చు తగ్గించుకోవడానికీ ఆ ఫ్రీక్వెన్సీని 4జీకి మళ్లించడానికీ కంపెనీలకు కారణాలున్నాయి, ఆ కారణాలు న్యాయమైనవే. ఫ్రీక్వెన్సీ జనం సొత్తు, వృథా చెయ్యకూడదు.

అయితే మనిషి ఫోన్ మార్చుకోవడం వేరు, మోటారు పెట్టె మార్చుకోవడం వేరు. ఫోన్ మూడేళ్లకు మారుతుంది, పెట్టె పదేళ్లు గోడకే ఉంటుంది. దానికి ప్రకటన కనిపించదు, మెసేజ్ చదవదు. కంపెనీ టవరు మీద 2జీని ఆపిన రోజు రైతు కాల్ చేస్తే "స్విచాఫ్" అని వినిపిస్తుంది, అంతే. నేను కోరేది మూడు పనులు. ఏ మండలంలో ఎప్పుడు ఆపుతారో కనీసం రెండు పంటల కాలం ముందు చెప్పాలి. ఆపేముందు అదే టవరు మీద తక్కువ ఫ్రీక్వెన్సీలో 4జీ పెట్టాలి. పెట్టెలు అమ్మేవాళ్లు డబ్బా మీద 2జీయో 4జీయో పెద్దక్షరాలతో రాయాలి. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకే ప్రత్యేక ప్లాన్లు తప్పనిసరి చేసింది. బటన్ల ఫోన్ల వాళ్ల గోడు వినిపించిందన్నమాట. మోటారు పెట్టెల గోడూ వినిపించాలి.

మీ పెట్టె ఏ తరానిదో మీరే చూసుకోవచ్చు. మెయిన్ ఆపి మూత తీయండి. మధ్యలో తపాలా బిళ్లంత వెండిరంగు రేకు ముక్క ఉంటుంది, దాని మీద అక్షరాలుంటాయి. సిమ్800, సిమ్900, ఎం66, ఎం95 అని ఉంటే అది 2జీ. ఏ7672, ఈసీ200 అని ఉంటే 4జీ. దాని పక్కన మిణుకుమిణుకుమనే లైటు చూడండి. సిమ్800 రకంలో సెకనుకోసారి కొడుతుంటే ఇంకా టవరును వెతుకుతోందని, మూడు సెకన్లకోసారి కొడితే దొరికిందని అర్థం. మూత తీయడం ఇష్టం లేకపోతే ఒక జియో సిమ్ వేసి చూడండి. 2జీ పెట్టె అయితే ఎంతసేపు ఉంచినా టవరు పట్టదు. కొత్త పెట్టె కొనేటప్పుడు 4జీ అని రాసి ఉంటే సరిపోదు. కాల్ చేసి నొక్కే పద్ధతిలో నడవాలంటే వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మోసే సదుపాయం, ఉండాలి. అది లేని 4జీ మోడెమ్ 4జీ మీద డేటా మాత్రమే మోస్తుంది, యాప్‌తో తప్ప కాల్‌తో మోటారు వెయ్యదు. కొట్టులోనే సిమ్ వేయించి, మీ ఫోన్ నుంచి కాల్ చేసి, రిలే టక్కుమన్న శబ్దం విన్నాకే డబ్బులివ్వండి.